ఉప్పుగాలిలో కారు మెరుపు

కారుకు మెరుపు తెప్పించడం అంటే పైన ఏదో పూయడమని చాలామంది అనుకుంటారు గాని, ఆ పనిని వృత్తిగా చేసేవారి లెక్కలో అది ముందుగా తీసివేతకు, ఆ తరువాతనే పూతకు సంబంధించిన విద్య. దుమ్ము, ఉప్పు, జిడ్డు, పక్షి రెట్ట, బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను, చివరికి రంగు పొరలోనే అతి పలుచని పైభాగం, వీటిలో దేనిని ముందు తీయాలో, ఎంతవరకు తీసి ఆపాలో తెలిసి చేసే పనికి డీటెయిలింగ్ అని పేరు. ‘వాటర్ సర్వీసింగ్’ అని బోర్డు పెట్టి, గొట్టంతో నీళ్లు కొట్టి, నురగ రాసి అరగంటలో బండిని పంపించే పనికీ దీనికీ పేరులో ఉన్న వివరమే తేడా: అక్కడ కారు ఒక్కటే వస్తువు, ఇక్కడ బానెట్టు వేరు, తలుపు అంచు వేరు, సీటు కుట్టు వేరు, ఏసీ రెక్కల సందు వేరు. ‘డీటెయిల్’ అనే మాట ముక్కలుగా కోయడం అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచి పుట్టింది. బట్ట కత్తిరించే దర్జీని టైలర్ అనడం వెనక ఉన్నదీ అదే ధాతువు. ఫ్రెంచి ఏలుబడి 1954లో ముగిసిన యానాంలో ఆ మాట ఇవాళ ఇంగ్లీషు మాటగా చెలామణీ కావడం ఒక చిన్న విచిత్రం.

ఆ యానాం పరిధిలో, గౌతమీ గోదావరి సముద్రాన్ని చేరబోయే దారిలో ఉన్న మత్స్యకారుల ఊరు దరియాలతిప్ప. తిప్ప అంటే నీటి నడుమ లేదా నీటి పక్కన మేట వేసి ఎత్తుగా నిలిచిన నేల కనుక, ఇసుక ఈ ఊరి పేరులోనే ఉంది. ఒక పక్క నది, చుట్టుపక్కల కోరంగి మడ అడవులు, ఆ పైన బంగాళాఖాతం ఉండడంతో తేమకూ ఉప్పుకూ ఇక్కడ కొదవ లేదు. పీవై 04 అనే యానాం నంబరు పలకతో ఇలాంటి ఊళ్లో బతికే కారుకు, హైదరాబాదులో అపార్ట్‌మెంటు కింద నీడలో నిలిచే కారుకు ఒకే పద్ధతి చెప్పడం, మెట్ట పొలానికీ ఉప్పు చౌడుకూ ఒకే సాగు చెప్పడం వంటిది.

సముద్రపు అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరలు గాలిలోనే ఆరిపోగా మిగిలే ఉప్పు రేణువులు లోపలి ఊళ్లదాకా కొట్టుకొస్తాయి. ఉప్పు గుణం ఏమిటంటే, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే ఆ తేమను పీల్చుకొని తానే నీరుగా మారుతుంది; వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీలో చెమ్మ ఊరడం ప్రతి ఇంటా చూసేదే. కోస్తాలో రాత్రివేళ, తెల్లవారుజామున గాలిలో తేమ ఆ హద్దు దాటడం మామూలు కనుక, వాన పడకపోయినా, కారును ఎవరూ తడపకపోయినా, దాని మీద పేరుకున్న ఉప్పు ప్రతి రాత్రీ తడిసి, ప్రతి మధ్యాహ్నం ఆరుతూ ఉంటుంది. ఇనుము తుప్పు పట్టడం ఒక విద్యుత్ రసాయన చర్య. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులువుగా సాగుతుంది గనుక ఆ చర్య కూడా వేగం పుంజుకుంటుంది. పెద్ద వాన కురిస్తే పైకప్పు, బానెట్టు వాటంతటవే కడుక్కుపోతాయి గాని, చక్రాల పైనున్న వంపుల్లోనూ, తలుపుల కింది మడతల్లోనూ చేరిన ఉప్పును వాన తాకదు. కాబట్టి తీరప్రాంతపు కారుకు తుప్పు కళ్లకు కనిపించే చోట కాక, ఎవరూ వంగి చూడని చోట మొదలవుతుంది.

మెరుపు సంగతి తెలియాలంటే రంగు ఎంత మందాన ఉంటుందో తెలియాలి. కర్మాగారంలో కారు రేకును మొదట రంగు తొట్టిలో ముంచి, విద్యుత్తు పంపి, మూలమూలలకూ సమంగా అంటుకునేలా తుప్పు నిరోధక పొర వేస్తారు. దాని పైన ప్రైమరు, దాని పైన అసలు రంగు, అన్నిటికన్నా పైన రంగు లేని పారదర్శకమైన క్లియర్ కోటు ఉంటాయి. ఈ నాలుగూ కలిపి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే కంటికి మెరుస్తూ కనిపించే క్లియర్ కోటు, 40 లేదా 50 మైక్రాన్లకు మించదు కనుక, ఒక్క వెంట్రుకంత మందం కూడా ఉండదన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకొని కింది రంగును వెలిసిపోకుండా కాపాడేది ఈ పొరే. గట్టి పాలిషు ఒకసారి పట్టిస్తే అందులో రెండు మూడు మైక్రాన్లు ఇసుక కాగితం కింద చెక్కపొట్టు లేచినట్టు లేచిపోతాయి. ఏటా దసరాకొకసారి, సంక్రాంతికొకసారి ‘రబ్బింగ్ పాలిష్’ చేయించి మురిసే యజమాని నిజానికి తన కారు మెరుపును ముందుగానే ఖర్చు పెట్టుకుంటున్నాడు. ఆ పొర ఒకసారి అరిగిపోతే ఏ సీసాలోని ద్రవమూ దాన్ని తిరిగి పెంచలేదు, మళ్లీ పెయింటింగు షెడ్డుకు పోవలసిందే.

పాత కార్లకు ఈ లెక్క కొంత వేరుగా ఉండేది. 1920లలో అమెరికాకు చెందిన డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే త్వరగా ఆరే లాకర్ రంగును తెచ్చేదాకా, గుర్రపు బండ్లకు వాడే వార్నిషునే కార్లకూ పొరలుపొరలుగా పూసి వారాల తరబడి ఆరబెట్టేవారు. ఆ డ్యూకో పేరు కార్లను వదిలేసి, ఇవాళ మన వడ్రంగుల నోట అల్మరాలకు వేసే నున్నని రంగుగా మిగిలింది. పాత అంబాసిడర్ల కాలంలో రంగు, మెరుపు రెండూ ఒకే పొరలో ఉండేవి గనుక, పాలిషు పట్టించిన గుడ్డకు కారు రంగు అంటుకునేది. డ్రైవర్లు ఆ గుడ్డ చూసే ఎంత రుద్దారో, ఎక్కడ ఆపాలో అంచనా వేసుకునేవారు. క్లియర్ కోటు వచ్చాక గుడ్డ తెల్లగానే ఉంటుంది. అరిగిపోతున్నది కనబడకపోవడమే కొత్త కాలపు ప్రమాదం.

కొత్త కారు ఏడాది తిరిగేసరికి మసకబారడానికి ఎండ కన్నా, ఉప్పు కన్నా ముందుగా చెప్పవలసిన కారణం దాన్ని రోజూ తుడిచే చెయ్యి. పొద్దున్నే పొడి గుడ్డతోనో, పాత చీర ముక్కతోనో దుమ్ము దులపడం తెలుగు ఊళ్లలో కారు పట్ల భక్తికి గుర్తు. ఆ దుమ్ములో ఉండేది ఇసుక. ఇసుకలో ఎక్కువ పాళ్లు ఉండేది క్వార్ట్జు అనే ఖనిజం, అది గాజును కూడా గీయగలిగినంత గట్టిది. పొడిగా రుద్దిన ప్రతిసారీ కంటికి ఆనని సన్నని గీతలు పడి, ఎండలో నిలబెట్టినప్పుడు సూర్యబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు కనిపిస్తాయి. గీతలు నిజంగా గుండ్రంగా ఉండవు; నలుదిక్కులా పడ్డవాటిలో వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి, కంటికి వలయంలా తోస్తాయి. నల్ల కారులో ఇవి కొట్టొచ్చినట్టు కనబడతాయి, తెల్ల కారులో ఉన్నా దాక్కుంటాయి. కొబ్బరి పీచుతో తోమడం, డీజిలు లేదా కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడవడం కూడా ఇలాంటివే. డీజిలు తుడుపు అప్పటికప్పుడు నిగనిగలాడినా, ఆ నూనె పొర మధ్యాహ్నానికల్లా రోడ్డు మీది దుమ్మునంతా పట్టి ఉంచుతుంది, కిటికీల రబ్బర్లను ఉబ్బించి పాడు చేస్తుంది.

సరైన కడుగుడులో గొప్ప రహస్యమేమీ లేదు, ఓపిక మాత్రం కావాలి. బండి నీడలో చల్లారాక, చెయ్యి పెట్టకుండానే ముందు ధారగా నీళ్లు కొట్టి ఇసుకను జారవిడవాలి. తరువాత రెండు బకెట్లు పెట్టుకొని, ఒకదానిలో కార్లకని చేసిన షాంపూ నీళ్లు, రెండోదానిలో ఉత్త నీళ్లు ఉంచి, తుడిచిన తొడుగును ప్రతిసారీ ఉత్త నీళ్లలో జాడించాకనే షాంపూలో ముంచాలి. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, మురికి ఎక్కువుండే కింది పలకలను, చక్రాలను చివరికి వదలాలి. గిన్నెలు తోమే ద్రవం జిడ్డును తీయడానికే పుట్టింది కనుక, ఉన్న మైనపు పూతను కూడా తీసుకుపోతుంది. ఆరబెట్టడానికి వాడే మైక్రోఫైబర్ గుడ్డ అంటే పాలియెస్టర్, నైలాన్ పోగులను వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నగా చీల్చి నేసినది. మురికి ఆ చీలికల సందుల్లోకి పోతుంది గాని రంగుకూ గుడ్డకూ మధ్య నలగదు. నేల మీద పడిన గుడ్డను ఎంత ఖరీదైనదైనా మళ్లీ రంగు మీద పెట్టకూడదు.

డెల్టా చివరి ఊళ్లలో అసలు చిక్కు నీళ్లతోనే. సముద్రం దగ్గరి బోర్ల నీటిలో ఉప్పదనం, కాఠిన్యం ఎక్కువ కనుక, ఎండలో కడిగిన కారు మీద ఆ నీటి చుక్క ఆరగానే తెల్లని వలయం మిగులుతుంది. ఎండలో బానెట్టు 60 డిగ్రీలు దాటగలదు గనుక ఆ లవణాలు క్లియర్ కోటులోకి కొరికి, తుడిస్తే పోని మచ్చలవుతాయి. ఉప్పును వదిలించడానికి ఉప్పు నీళ్లే పోయడమంటే చేసిన పని చేసినట్టే వృథా. బోరు నీళ్లతో కడిగినా, ఆఖరి రెండు బకెట్లు కుళాయి మంచినీళ్లు పోసి, ఒక్క చుక్క ఆరకముందే గుడ్డతో ఒత్తి తీస్తే సగం మచ్చలు పుట్టవు.

మచ్చల సంగతిలో వాహన పూజను కూడా తలుచుకోవాలి. కొత్త కారు బానెట్టు మీద పసుపుతో ఓంకారం దిద్ది కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం తెలుగువారి ఇళ్లలో తప్పని ముచ్చట. పసుపులోని రంగు పదార్థం ఎండకు విరిగిపోయే గుణం కలది కనుక ఆ మరక కొద్ది రోజుల్లో తనంతట తాను వెలిసిపోతుంది. బజారు కుంకుమలో కృత్రిమ రంగులుంటాయి కాబట్టి, తడిగా పెట్టిన బొట్టు, ముఖ్యంగా తెల్లని బంపరు మీదా, కొత్తగా వేయించిన రంగు మీదా, ఏళ్ల తరబడి గులాబీ నీడలా మిగలవచ్చు. బొట్టు గాజు మీద పెట్టినా పూజకు లోటేమీ ఉండదు. రెట్ట మాత్రం పూజంత మెత్తనిది కాదు: నది ఒడ్డున కొంగలు, నీటికాకులు వాలే చెట్టు కింద నిలిపిన కారు మీద పడే రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది, ఎండకు రంగు పొర వ్యాకోచించి, సాయంత్రం చల్లబడి ముడుచుకునేటప్పుడు ఆ ఎండిన రెట్ట ఆకారాన్నే అచ్చు వేసుకుంటుంది. తడి గుడ్డ దాని మీద కాసేపు వేసి నాననిచ్చి ఎత్తేయాలి, గోకకూడదు.

కడిగిన కారు మీద అరచేతిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి నిమిరితే గరుకు తగులుతుంది. అవి రంగులో పాతుకుపోయిన ఇనుప రజను, తారు, చెట్ల జిగురు. ఇనుప రజను మీద కొట్టే ప్రత్యేక ద్రవం దానితో కలిసి ఊదారంగుగా మారి, రక్తంలా కారుతూ కిందికి దిగుతుంది. తెల్ల కారు మీద ఈ దృశ్యం చూసి యజమానులు గాభరా పడతారు. మిగిలినదాన్ని క్లే బార్ అనే జిగట మట్టిముద్ద వంటి పదార్థంతో, జారడానికి సబ్బు నీళ్లు చల్లుకుంటూ లాగేస్తారు. ఇంతవరకూ జరిగినదంతా శుభ్రమే. గీతలు తీసే పాలిషు దీని తరువాతి మెట్టు, అవసరమైతేనే ఎక్కవలసిన మెట్టు.

ఆ పని తెలిసినవాడు యంత్రం పట్టే ముందు మందం కొలిచే చిన్న పరికరాన్ని రేకుకు ఆనించి చూస్తాడు. బానెట్టు మీద 115, పైకప్పు మీద 120, ఎడమ తలుపు మీద హఠాత్తుగా 260 చూపితే ఆ తలుపుకు ఎప్పుడో దెబ్బ తగిలి మళ్లీ రంగు వేశారని, ఇంకా పెద్ద అంకె వస్తే కింద పుట్టీ ఉందని అర్థం. సెకండ్ హ్యాండు కారు కొనేవారికి కూడా ఈ పరికరం చెప్పే నిజం చాలా విలువైనది. తరువాత అంచులకు, రబ్బర్లకు, అక్షరాల పలకలకు కాగితపు టేపు అంటిస్తాడు, ఎందుకంటే రేకు మడిచిన అంచుల మీదే పూత అన్నిటికన్నా పలుచన. స్పాంజి దిమ్మె మీద శనగ గింజంత చొప్పున నాలుగు చుక్కలు పెట్టి, రెండడుగుల చదరం మాత్రమే ఎంచుకొని, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నెమ్మదిగా నడిపి, తుడిచి, దీపం వాల్చి చూస్తాడు. ఒకే ఇరుసు మీద గిరగిరా తిరిగే రోటరీ యంత్రం వేగంగా కోస్తుంది, ఒకేచోట ఆగితే రంగును కాల్చేస్తుంది. తిరుగుతూనే ఊగే డ్యుయల్ యాక్షన్ యంత్రం నిదానం, చేయి తిరగనివాడికి క్షేమం. ఆ చదరంలో పదింట ఎనిమిది గీతలు పోతే మంచి పనివాడు అక్కడితో ఆపుతాడు. గోరుకు తగిలేంత లోతైన గీత కోసం చుట్టూ ఉన్న పొరనంతా అరగదీయడం చిన్న పొక్కు కోసం తోలంతా ఒలిచినట్టే అవుతుంది.

ఆ పైన పూత. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం 80 డిగ్రీలు దాటితే గాని కరగదు, లోతైన నిగారింపు ఇస్తుంది, కానీ మన ఎండకూ ఉప్పుకూ రెండు మూడు నెలలకు మించి ఓర్చుకోదు. సిరామిక్ కోటింగు అని అమ్మేది సిలికాన్ సమ్మేళనాల ద్రవం. అది గాలిలోని తేమతో చర్య జరిపి గాజు వంటి అతి పలుచని పొరగా గట్టిపడుతుంది, నీటి చుక్కలను తామరాకు మీదిలా దొర్లిస్తుంది, కడుగుడును సులువు చేస్తుంది. అయితే ‘9హెచ్ గట్టిదనం’ అన్న ప్రకటన చూసి దానికి గీతలు పడవని నమ్మడం పొరపాటు. అక్కడి హెచ్ అక్షరం బొమ్మలు గీసే పెన్సిల్ మీద ఉండేదే. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని మాత్రమే ఆ మాటకు అర్థం. పెన్సిల్ ముల్లు గ్రాఫైటు, బంకమన్ను కలిపి కాల్చినది. దరియాలతిప్ప ఇసుక ముందు అది నిలవదు. రాళ్ల దెబ్బలకు నిజంగా అడ్డుపడేది పీపీఎఫ్ అనే పారదర్శకమైన పాలియురేథేన్ పొర, దాని మందం 200 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, ఖర్చూ అలాగే ఉంటుంది.

ఇంత చెప్పాక కూడా, తీరప్రాంతంలో డబ్బు ఒకేచోట పెట్టే స్తోమతు ఉంటే దాన్ని కారు పైన కాక కింద పెట్టడమే తెలివి. దరియాలతిప్పకు ఎంతో దూరం కాని కోరంగి, తాళ్ళరేవు ప్రాంతం చెక్క ఓడల నిర్మాణానికి పేరుపడ్డది. ఓడ అందం నీటి పైభాగంలో ఉన్నా ఆయుష్షు నీటి అడుగున ఉండే చెక్కలో ఉంటుందని అక్కడి పనివారికి వేరే చెప్పనక్కర్లేదు, పలకల సందులు కుక్కి పూత పూసే శ్రమంతా అందుకే. కారుకూ అంతే. నెలకొకసారైనా బండిని ర్యాంపు ఎక్కించి చక్రాల వంపులు, అడుగుభాగం మంచినీళ్లతో కడిగించడం, తలుపుల కింద నీరు కారడానికి వదిలిన చిన్న రంధ్రాలు మట్టితో పూడకుండా పుల్లతో తీయడం సిరామిక్ కన్నా ఎక్కువ కాలం కాపాడతాయి. ఉన్న మట్టినీ తుప్పునూ తీయకుండా నల్లని యాంటీ రస్టు కోటింగు కొట్టిస్తే, తడి లోపలే బందీ అయి, పైకి కనబడకుండా రేకును తింటుంది.

లోపలి శుభ్రతకు శత్రువు తేమ. వానాకాలంలో పది రోజులు తాళం వేసి ఉంచిన కారు సీట్ల మీద తెల్లని బూజు పూస్తుంది. దానికి కావలసినది తేమ, చీకటి, సీట్ల మీద మిగిలిన చెమట, తినుబండారాల పొడి. దులిపితే ఆ బీజాలు కారంతా పరుచుకుంటాయి కనుక, తలుపులు తీసి, తడి గుడ్డతో ఒత్తి తీసి, ఎండగాలికి ఆరబెట్టాలి. కాళ్ల కింది తివాచీ నుంచి ఇసుకను వ్యాక్యూమ్ గొట్టంతో పొడిగా లాగిన తరువాతనే నీళ్లు తగలనివ్వాలి, లేకుంటే ఇసుక బురదై పోగుల అడుగుకు దిగుతుంది. డ్యాష్‌బోర్డుకు తళతళలాడే సిలికాన్ నూనె రాయడం మన దగ్గర శుభ్రతకు కొలమానమైపోయింది. ఆ మెరుపు ముందు అద్దంలో ప్రతిబింబించి డ్రైవరు కళ్లను కొడుతుంది. కొత్తలో ఆ ప్లాస్టిక్ మెరిసేది కాదని గుర్తుంటే, తడి గుడ్డ చాలునని తెలుస్తుంది. ఏసీ వాసనకు మూలం లోపల చల్లబడే గొట్టాల మీద నిలిచే నీరు, దిగే ముందు రెండు మూడు నిమిషాలు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం తిప్పితే ఆ నీరు ఆరుతుంది.

చేపల ఊళ్లో మరో వాసన ఉంది. డిక్కీలో పెట్టిన రొయ్యల బుట్ట నుంచో, చేపల సంచి నుంచో కారిన నీరు తివాచీలో ఇంకితే, ఎన్ని సెంటు డబ్బాలు వేలాడదీసినా నీచు పోదు. ఆ నీచుకు కారణం చేప పాచిపోయేటప్పుడు పుట్టే అమీన్లు అనే క్షార స్వభావం గల వాయువులు. చేపను చింతపండు పులుసుతోనో, నిమ్మరసంతోనో కడిగే వంటింటి పద్ధతిలో ఉన్న రసాయనమే ఇక్కడా పనికొస్తుంది: ఆమ్లం ఆ క్షారంతో కలిసి దాన్ని వాసన రాని లవణంగా మారుస్తుంది. తివాచీని ముందు చల్లని షాంపూ నీళ్లతో తీసి, ఆ తరువాత నీళ్లు కలిపి పలుచన చేసిన వెనిగర్‌తో తడిపి, మళ్లీ మంచినీళ్లతో తీసి పూర్తిగా ఆరబెడితే నీచు విరుగుతుంది. వేడినీళ్లు మొదటే పోస్తే చేపలోని మాంసకృత్తులు గుడ్డు గట్టిపడినట్టు పోగులకు పట్టుకుంటాయి. తోలు సీట్లకు వెనిగర్ తగలనివ్వకూడదు.

గోదావరి వరద నీరు చొరబడిన కారు సంగతి వీటన్నిటికన్నా కష్టం. 2022 జూలై వరదల్లో యానాం వీధుల్లోకి నీరు వచ్చినప్పటిలా జరిగితే, మొదట చేయవలసినది ఇంజను స్టార్టు చేయకపోవడం, బ్యాటరీ తీగ విప్పడం. డీటెయిలింగ్ వంతు మెకానిక్ చూశాకనే వస్తుంది. సీట్లు, తివాచీ, దాని కింది స్పాంజి మొత్తం విప్పి బయట వేయకుండా పై పైన ఆరబెట్టిన కారులో బూజు రెండు రోజుల్లోనే మొదలవుతుంది. వండ్రు మట్టి ఎంత మెత్తనిదంటే సీటు పట్టాల్లోకి, స్విచ్చుల్లోకి, స్పీకరు గుడ్డలోకి పొడిలా కాక పాలలా దిగుతుంది. సీటు బెల్టును మార్పించడమే క్షేమమని చెప్పే పనివాడు దాన్ని చివరంటా లాగి చూపిస్తాడు: పైకి కనబడే మూర పొడవు శుభ్రంగా ఉంటుంది, చుట్టలో దాగిన మిగతా పట్టీ మాత్రం ఎన్నిసార్లు జాడించినా తెల్లని గుడ్డకు గోదావరి రంగునే అంటిస్తుంది.